అడిగినారు, నేనే చెప్పలేదు

మా మేనత్త చనిపోయిందన్న కబురు నాకు పులివెందులలో, మా బడి పిల్లలు మధ్యాహ్న భోజనానికి పళ్లేలు పట్టుకుని నిలబడినప్పుడు తెలిసింది. ఫోన్ చేసింది ఆమె కొడుకు, మా బావ. ఎప్పుడూ అంగట్లో బేరమాడే గొంతుతోనే మాట్లాడే మనిషి, ఆ పూట మెల్లగా, "పాపా, అమ్మ ఇంగ లేదు" అన్నాడు. పొద్దున్నే అంగడికి పోయిందట. పెళ్లివాళ్లెవరికో చీరలు చూపించి, ఆయాసంగా ఉందని ఇంటికొచ్చి పడుకుందట. కోడలు మజ్జిగ కలిపి తెచ్చేసరికి పలకలేదట. డెబ్బయి దాటిన మనిషి. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

నేను ప్రొద్దుటూరు చేరేసరికి వాళ్ల వీధి నిండిపోయి ఉంది. చీరల అంగళ్లవాళ్లు, బంగారు అంగళ్లవాళ్లు, ఆమె దగ్గర పెళ్లిచీరలు కొన్న చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. వాళ్ల మధ్య, చెప్పులు వీధిలోనే విడిచి, చేతిలో పూలదండతో ఒక నడివయసు డాక్టరు నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఒక స్కానింగ్ సెంటర్ ఆయనది. దండ వేసి, ఆమె కాళ్ల దగ్గర చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పోయేటప్పుడు మా నాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయన మీకు బంధువా అని నాతో వచ్చిన టీచరమ్మ అడిగింది. కాదన్నాను. ఒకప్పుడు ఆయన మీదికి మా నాయనే జనాన్ని వెంటేసుకుని పోయాడని, శవం పక్కన నిలబడి ఎట్లా చెప్పేది? ఇక్కడ చెప్తాను. మా మేనత్త ఎలాంటి మనిషో మీకు తెలియాలంటే ఆ సంగతే చెప్పాలి.

ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చింది. మామ చిన్న వయసులోనే పోతే, అంగడి అమ్మేసి పుట్టింటికి వచ్చేయమని పెద్దలంతా చెప్పారు. ఆమె అందరికీ తలూపి, కర్మలు కాగానే పోయి షట్టర్ ఎత్తింది. అప్పటి నుంచి పోయిన వారం దాకా ఆ అంగడి ఆమెదే. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఎండాకాలమైనా కాఫీ పొగలు కక్కాల్సిందే. మాట మాత్రం కొట్టినట్టు ఉండేది. కోస్తా నుంచి వచ్చిన కోడళ్లు మొదటిసారి ఆమె మాట విని, తమ మీద కోపమొచ్చిందేమో అనుకునేవాళ్లు.

చీర పరిచిందంటే ముందు దాని లోపం చూపించేది. "ఈడ పోగు లేసింది, చూసుకో. నచ్చితేనే తీసుకో" అనేది. బావకు అది నచ్చేది కాదు. పక్క అంగట్లో ఎవరూ ఇట్లా చెప్పరు కదా అని గొణిగేవాడు. "గుడ్డ చించకముందే చెప్పల్ల. చించినాక చెప్తే అది చెప్పినట్టు గాదు" అని ఆమె జవాబు. ఈ మాట విని విని మాకు విసుగొచ్చేది. ఆ అంగడికి అంత పేరు దీనివల్లే వచ్చిందని నేను పెద్దయ్యాక గానీ గ్రహించలేదు.

కొన్నేళ్ల కిందట, పెళ్లిళ్ల కాలంలో, ఆమెకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. మందులు వాడినా తగ్గలేదు. నరంలోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయాలన్నారు. నాకు బడి సెలవులు. తోడుగా ఆ డాక్టరు సెంటర్‌కు వెళ్లాను. త్వరగా అయిపోతే అంగడికి పోవచ్చని ఆమె తొందర. నంద్యాల నుంచి పెద్ద బేరం వస్తోందని దారంతా అదే చెప్పింది.

ఆ మందు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. దాన్ని నరంలోకి ఎక్కిస్తే లోపలి రక్తనాళాలు, మూత్రపిండాలు స్కాన్‌లో తెల్లగా, తేటగా కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. అది మామూలే. దాదాపు అందరికీ అంతటితో సరి. ఎవరో కొద్దిమంది ఒళ్లు మాత్రం ఆ మందును శత్రువును చూసినట్టు చూస్తుంది. వాళ్లలో మా మేనత్త ఒకతె.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల మాటలు ఒక్కసారిగా హెచ్చాయి. తలుపు తెరుచుకుంది, ఒక నర్సు పరుగున పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. తెరిచిన తలుపులోంచి మా అత్త ముఖం చూశాను. పెదవులు, కనురెప్పలు ఉబ్బి, మెడ మీద ఎర్రటి దద్దుర్లు గడ్డలు కట్టాయి. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు శబ్దం. డాక్టరు వచ్చీ రాగానే ఆమె తొడకు ఒక సూది వేశాడు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టించి, కాళ్లు ఎత్తుగా ఉంచి, సెలైన్ వేగంగా ఎక్కించాడు. ఒక చేత్తో ఆమె నాడి పట్టుకుని, "అమ్మా, నన్ను చూడు, కళ్లు మూయొద్దు" అని చెప్తూనే ఉన్నాడు. కొంతసేపటికి ఆ ఈల తగ్గింది. ఆమె పెదవులకు రంగు తిరిగి వచ్చింది. గండం గడిచిందని, అయితే ఇది మళ్లీ తిరగబెట్టవచ్చు గనుక సాయంత్రం దాకా కదిలించకూడదని ఆయన నాతో చెప్పాడు.

ఆ గండం గడిచే లోపలే నేను ఏడుస్తూ జమ్మలమడుగుకు, మా నాయనకు ఫోన్ చేసి ఉన్నాను. సూది వికటించింది అని నేను చెప్పింది ఆయనకు ఇంకోలా వినిపించింది. అక్కను చంపేశారనుకుని బయలుదేరాడు. ఆయన వెంట రెండు జీపుల జనం. ప్రొద్దుటూరులో అంగళ్లవాళ్లు కలిశారు. వాళ్లు వచ్చేసరికి మా అత్త తెలివిలోనే ఉంది, కానీ ఎవరూ అడగలేదు. ముందు గదిలో ఒకాయన కుర్చీ ఎత్తి గాజు తలుపు మీదికి గురిపెట్టాడు. పనిచేసే ఆడపిల్లలు లోపలి గదిలో గడియ పెట్టుకున్నారు. మా నాయన డాక్టరు కాలరు పట్టుకున్నాడు. డాక్టరు పారిపోలేదు. తర్వాత ఎంతైనా మాట్లాడుకుందాం, ఇప్పుడు నన్ను ఆమె పక్కన నిలబడనివ్వండి అని అదే మాట అంటున్నాడు. అది ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

ఆ అరుపులు మా అత్త విన్నది. ముక్కు మీది మాస్కు తీసి, లేవబోయింది. నర్సు ఒప్పుకోలేదు, లేస్తే బీపీ మళ్లీ పడిపోతుందని గట్టిగా చెప్పింది. అయితే మంచంతోనే తోయండి అంది అత్త. చక్రాల మంచాన్ని నేనూ నర్సూ కలిసి గుమ్మం దాకా తోశాం. ఉబ్బిన ఆ ముఖం చూసి జనం ఇంకా రెచ్చిపోతారేమోనని నాకు భయమేసింది.

"ఏమప్పా, ఆ కాలరు ఇడిసిపెట్టు," అంది మా నాయనతో. గొంతు బొంగురుపోయి ఉంది. అందుకేనేమో అందరూ ఆగి విన్నారు. "మందులేమన్నా పడవా అని నన్ను అడిగినారు. నేనే చెప్పలేదు. ఎనకట కడపలో రాళ్లకని ఎక్స్‌రే తీసేటప్పుడు ఇట్లాంటి సూదే ఏసినారు. ఒళ్లంతా దద్దుర్లు లేసినాయి. ఆ మాట చెప్తే ఈ పొద్దు స్కాన్ తియ్యరు, మల్ల ఇంగో దినం అంగడి ఇడిసి రావల్ల అని గమ్మునున్నా. ఈయప్ప తప్పేమీ లేదు."

కుర్చీ ఎత్తినాయన దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు అట్లే పట్టుకుని ఉన్నాడు.

"ఈయప్పను కొట్టి పోతారు, సరే. నాకు మల్ల ఊపిరాడకపోతే ఎవురొస్తారప్పా? నువ్వొస్తావా?" అంది.

మా నాయన చెయ్యి దించాడు. అప్పుడు డాక్టరు, కాలరు కూడా సర్దుకోకుండా, ఆమె మంచం పక్కకొచ్చి నాడి చూశాడు. చూస్తూనే, తప్పు నీ ఒక్కదానిది కాదమ్మా, మేము అడగడం కూడా సరిగా అడగలేదు అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయన ఆమె పక్కనుంచి కదల్లేదు. మా నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంటికి పోయేముందు డాక్టరు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నేను వినలేదు, డాక్టరు తల ఊపడం మాత్రం చూశాను.

ఆమె ఆ రోజు బతికినందుకు సంతోషపడ్డాను. నేను గర్వపడింది మాత్రం, చెప్పలేదని ఆమె ఒప్పుకున్న మాటకు. వ్యాపారం చేసే ఆడమనిషికి ఊళ్లో ఉన్న ఆస్తి ఆమె మాటే. లోపం దాచదన్న పేరు మీద బతికిన మనిషి, తన అంగడి ముందు రోజూ తిరిగే నలుగురి ముందు, నేను దాచాను అని చెప్పింది. చెప్పకపోయినా ఆమెను ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆమె నోరు మూసుకుని ఉంటే ఆ డాక్టరు ఏమైపోయేవాడో అని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత కొన్నాళ్లు బజార్లో ఎగతాళి కూడా నడిచింది. చీరలో పోగు చూపించే అమ్మ తన సంగతి మాత్రం మడతలో పెట్టిందంట అని. బావ ఆ మాట తెచ్చి ఆమెకు చెప్పి, పోయి అడిగొస్తాను అన్నాడు. "నిజమే గదా. ఏమని అడుగుతావు?" అంది.

ఒంట్లో కుదుటపడ్డాక డాక్టరు దగ్గరికి తనే పోయింది. నన్నూ రమ్మంది. మీవాళ్లను ఎట్లా అడిగితే చెప్తారో చెప్పమ్మా అని ఆయనే అడిగాడు. అలర్జీ ఉందా అంటే మావాళ్లు లేదనే అంటారు, అదేదో పెద్ద రోగమనుకుంటారు అని ఆమె చెప్పింది. ముందర ఎప్పుడన్నా సూదేసి ఫోటో తీసినారా, అప్పుడు దద్దుర్లు లేసినాయా, దురద పెట్టిందా, ఊపిరాడక ఇబ్బంది పడినావా, ఉబ్బసముందా అని ఒక్కొక్కటే అడగమంది. అడిగేటప్పుడు, చెప్తే స్కాన్ ఆగిపోదు, జాగ్రత్తగా తీస్తాము అని కూడా చెప్పమంది. ఎందుకంటే తను దాచింది ఆ భయంతోనే. డాక్టరు తన దగ్గర పనిచేసే ఆడపిల్లలను పిలిచి ఆమె ముందే ఆ ప్రశ్నలు వాళ్ల చేత పలికించాడు. ఒక పిల్ల మెత్తగా అడిగితే, "అట్ల గాదు మ్మే, పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది" అని నవ్వించింది.

ఆ రోజే ఇంకో అనుమానం కూడా తీరింది. ఆ మందులో అయోడిన్ ఉంటుందని ఎవరో చెప్పగా, అత్త కోడలు ఇంట్లో అయోడిన్ ఉప్పు పారబోసి కల్లుప్పు తెచ్చింది. ఆ రుచి నచ్చక అత్త తిట్టుకుంటూ తినేది. ఉప్పుకీ దీనికీ సంబంధం లేదని, మామూలు ఉప్పే తినొచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే పాత ఉప్పు తెప్పించి, పెసరపప్పులో ఒక చిటికెడు ఎక్కువే వేయించుకుంది.

కథ అంతటితో అయిపోలేదు. ఆగిపోయిన ఆ స్కాన్‌లోనే, మందు ఎక్కించకముందు తీసిన ఫోటోల్లో, కుడి మూత్రపిండం మీద ఒక గడ్డ కనిపించింది. కడపలో సర్జన్ చూసి ఆపరేషన్ చేయాలన్నాడు. గడ్డకు ఏ నరం నుంచి రక్తం అందుతోందో తెలిస్తే గడ్డ ఒక్కటే తీసి మూత్రపిండాన్ని నిలబెట్టగలనని, అందుకు మందు ఎక్కించి స్కాన్ తీయక తప్పదని చెప్పాడు. మా ఇంట్లో గగ్గోలు. మా నాయన అయితే ఆపరేషనే వద్దన్నాడు. మందులు మింగుతూ ఉన్నన్నాళ్లు ఉంటుంది, ఆ సూది మాత్రం మళ్లీ వేయించను అన్నాడు.

అత్త ప్రొద్దుటూరు డాక్టరును అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడు. ఒకసారి అంత తీవ్రంగా వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. వేరే రకం మందు వాడి, ముందు రోజు నుంచే మాత్రలు వేస్తే ఆ ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను అన్నాడు. పైగా తన సెంటర్లో తీయనన్నాడు. కడపలో, మత్తు డాక్టరు, ఐసీయూ అన్నీ ఉన్న పెద్దాసుపత్రిలోనే తీయించుకోమన్నాడు. అత్త కాసేపు ఆలోచించి, సరే, అయితే నువ్వు కూడా రావల్ల అంది. ఆయన వస్తానన్నాడు, వచ్చాడు కూడా.

ఆ పొద్దున కడపలో ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. ఆమె చేతికి సూది అమర్చి పంపారు. నేను అడగలేక అడిగాను, భయంగా ఉందా అత్తా అని.

"ఉండదా మ్మే? పోయిన తూరి సావు ఎట్లుంటాదో చూసొచ్చినా. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టుంటాది," అంది. లవంగం కోసం కొంగు ముడి తడిమి, ఏమీ తినకూడదన్నారని గుర్తొచ్చి చెయ్యి తీసేసింది. "కానీ నేను భయమని డాక్టరుకు చెప్పినా, మీకు చెప్పినా. చెప్పిన భయం సగమే."

లోపల ఆమెను మళ్లీ అన్నీ అడిగారు. ఆమె జవాబులు వరండాలో మా అందరికీ వినిపించాయి. ఎప్పుడు ఏం జరిగిందో, మొదట ఎక్కడ దురద పెట్టిందో, ఎంతసేపటికి ఊపిరాడకుండా పోయిందో, అంగట్లో చీర ధర చెప్పినంత గట్టిగా చెప్పింది. ప్రొద్దుటూరు డాక్టరు తొడకు వేసే సూదిని నింపి చేతిలో పట్టుకుని ఆమె తల దగ్గర నిలబడ్డాడని తర్వాత తెలిసింది. దాని అవసరం రాలేదు. మణికట్టు దగ్గర నాలుగు దద్దుర్లు లేచి, కాసేపటికి అవే అణిగాయి. ఆపరేషన్ జరిగింది. గడ్డ చెడ్డదే, కానీ పాకక ముందే దొరికింది. ఇంకొన్నాళ్లు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో సర్జన్ చెప్పబోతే, ఇంగ దాని సంగతి ఎందుకులే నాయనా అని ఆపింది.

ఆ తర్వాత ఆమె బతికిన ఏళ్లన్నీ అదనంగా దొరికినవే అనుకుంటాం మేము. ఆమె మాత్రం అట్లా అనుకోలేదు. అంగట్లో ఎవరైనా బాలేదని, స్కాన్‌కు పోతున్నామని అంటే చాలు, చీర చూపించడం ఆపి అడిగేది. ఒకసారి చిలమకూరు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పని. మరుసటి రోజు ఆయనకు స్కాన్ ఉంది. ఉబ్బసం ఉన్న మాట చెప్తే హైదరాబాదుకు పొమ్మంటారని, చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారట. అత్త ఆమెను అంగట్లోంచి కదలనివ్వలేదు. తన కథంతా చెప్పింది. ఆ మధ్యాహ్నమే భర్తను కూడా రప్పించి, డాక్టరుకు ఫోన్ కలిపి ఆయన నోటితోనే చెప్పించింది. ముందుగా ఆయాసానికి మందులిచ్చి, కుదుటపడ్డాకే స్కాన్ తీశారు. అన్నీ సవ్యంగా జరిగాయి. చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో అని నేనంటే, "ఏమీ అయ్యుండకపోవచ్చు మ్మే. ఇప్పుడూ ఏమీ గాలేదు గదా. అంతే గావల్సింది" అంది.

సూది అంటే భయపెట్టడం మాత్రం ఆమెకు నచ్చేది కాదు. అమ్మ కథ విని మేము స్కాన్ మానేశాం అని ఎవరో అంటే ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఆ స్కానే లేకుంటే నేను ఎప్పుడో పోయుండేదాన్ని, మానుకోమని కాదు, నోరు తెరిచి చెప్పుకోమని చెప్తాండా అని వాళ్లను తిట్టినంత పని చేసింది.

ఈ ఎండాకాలానికి ముందు మా నాయనకు గుండెనొప్పి వచ్చింది. గుండె నరాలు చూడాలంటే అదే మందు, అదే స్కాన్. ఎక్కడికి పోదామంటే, ప్రొద్దుటూరుకే పోదామన్నాడు. ఒకప్పుడు కాలరు పట్టుకున్న గుమ్మంలోంచే మా నాయన చేతికర్రతో లోపలికి నడిచాడు. అత్త వెంట వచ్చింది. ఒక చిన్నపిల్ల వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. దద్దుర్లు లేసినాయా, దురద పెట్టిందా, ఉబ్బసముందా అని ఒక్కొక్కటే. అవి ఎవరి మాటలో ఆ పిల్లకు తెలియదు. మా నాయన అక్క వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది. మా నాయన కాసేపు తటపటాయించి, జమ్మలమడుగులో ఒకసారి నొప్పి సూది వేస్తే ముఖం ఉబ్బిందని చెప్పాడు. ఆ సంగతి మా అమ్మకు కూడా తెలియదు. డాక్టరు వచ్చి, ఆ సూది పేరు కనుక్కుని, ఇది దానికి సంబంధించింది కాదని, అయినా చెప్పడం మంచిదైందని, స్కాన్ అయ్యాక ఎక్కువసేపు కూర్చోబెట్టి చూస్తామని ధైర్యం చెప్పాడు. మా నాయన బాగానే లోపలికి పోయి బాగానే బయటికి వచ్చాడు.

ఆయన లోపల ఉన్నంతసేపూ మా మేనత్త బయట బెంచీ మీద కూర్చుంది. లోపలికి పోయేముందు మా నాయన విప్పిచ్చిన చొక్కా ఆమె ఒడిలో ఉంది. మోచేతుల దగ్గర వెలిసిపోయిన పాత చొక్కా. దాన్ని తొడ మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, గుండీలు పెట్టి, కాలరు నిలబెట్టి, కొత్త చొక్కాలాగా మడత పెట్టింది. మడత మీద ఆయన గడియారం, ఉంగరం, కళ్లద్దాలు పెట్టింది. రెండు చేతులూ వాటి చుట్టూ ఉంచి, తలుపు పైన వెలుగుతున్న ఎర్రదీపాన్ని చూస్తూ, లవంగం కొరుకుతూ, అట్లే కూర్చుంది.